యొరుబా సినిమాలో బయటివాళ్లంటే ఎవరు?

నైజీరియాలో యొరుబా జాతివాళ్ల భాషలో తీసే సినిమాలు చూసేవాళ్ల మధ్య పాత పంచాయితీ ఒకటుంది: ఇగ్బో, ఎడో, ఉర్హోబో లాంటి వేరే జాతుల నటులకు ఈ సినిమాల్లో పెద్ద వేషాలు ఇవ్వొచ్చా?

యొరుబా సినిమా పుట్టింది నాటక సమాజాల్లో. 1940లలో హ్యూబర్ట్ ఒగుండే పెట్టిన సమాజం ఊరూరా తిరిగి ఆడేది. అందులోని నటీమణుల్లో పలువురు ఆయన భార్యలే. వేషం కావాలంటే ముందు సమాజంలో చేరి పని నేర్చుకోవాలి. కాబట్టి అప్పట్లో బయటివాడంటే వేరే జాతివాడు కాదు, వేరే సమాజంవాడు. 1976లో దర్శకుడు ఓలా బాలోగన్ 'అజాని ఒగున్' సినిమా తీశాక ఈ సమాజాలే తెరమీదికి వచ్చాయి.

1980లలో నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోయి ఫిల్ము కొనడమే గగనమైంది. అందరూ వీడియోకి మళ్లారు. ఆ క్యాసెట్లకు పెట్టుబడి పెట్టినవాళ్లలో కెన్నెత్ న్నెబుయే అనే ఇగ్బో వ్యాపారి ఒకడు. 1992లో 'లివింగ్ ఇన్ బాండేజ్' తీసి ఇగ్బో వీడియోకి ఊపు తెచ్చింది కూడా ఆయనే. బయటివాళ్ల డబ్బుకు లేని అభ్యంతరం మొహానికి ఎందుకొచ్చినట్టు?

కొంత కడుపు మంటే. నటులు ముఠాలుగా ఉండి, ఒకరి సినిమాలో ఒకరు తక్కువ డబ్బుకే చేసిపెట్టేవాళ్లు. కొత్త మనిషి వస్తే ఒకరి వంతు పోయినట్టే. ప్రేక్షకుడి బాధ వేరు, అది చెవికి సంబంధించింది. యొరుబాలో స్వరానికి మూడు స్థాయిలున్నాయి, స్థాయి మారితే అర్థం మారిపోతుంది. మన హీరోయిన్లకైతే డబ్బింగ్ గొంతు దొరుకుతుంది. అక్కడి వీడియో సినిమాల్లో చాలావరకు నటుల గొంతే వినిపిస్తుంది, తప్పు దాచుకునే వీలు తక్కువ.

అందుకే యొరుబా మాట్లాడే లాగోస్ నగరంలో పుట్టి పెరిగినవాళ్లకు దారి సులువైంది. ఉర్హోబో కుటుంబానికి చెందిన రేచెల్ ఒనిగా 2021లో చనిపోయేదాకా యొరుబా సినిమాల్లో కనిపిస్తూనే ఉన్నారు. ఇగ్బో నటి రెజీనా చుక్వు పేరు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు మాట విన్నాక మారు మాట్లాడరు. మరో ఇగ్బో నటి చియోమా చుక్వుకా దారి వేరు: 2024 నాటి 'సెవెన్ డోర్స్' వెబ్ సిరీస్‌లో ఆమె పాత్ర పేరే అమాకా, అచ్చమైన ఇగ్బో పేరు. ఆ పాత్రకే 2025లో ఆఫ్రికా మ్యాజిక్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఓటీటీల కోసం భారీ జానపదాలు తీయడం మొదలయ్యాక ఫిర్యాదు దిశ మార్చుకుంది. ఇప్పుడు ఇంగ్లిష్ సినిమాల నుంచి వచ్చి, సొంత భాషను తడుముకుంటూ పలికే యొరుబా తారలకూ అక్షింతలు పడుతున్నాయి.