రెట్టింపులతో సాగిన గుణకారం: ప్రాచీన ఈజిప్టు లేఖకుల లెక్క

మనకు గుణకారం అంటే ఎక్కాలు. ఏడెనిమిదులు యాభై ఆరు అని చిన్ననాడు వల్లె వేసింది నోటికి రాకపోతే కాగితం మీద లెక్క ముందుకు సాగదు. ప్రాచీన ఈజిప్టులో గాదెల్లోని ధాన్యాన్ని లెక్కగట్టి, పనివాళ్లకు రొట్టెలు పంచి, పొలాల వైశాల్యాలు కట్టిన లేఖకుల లెక్కల్లో మాత్రం ఇటువంటి ఎక్కాల జాడ కనిపించదు. ఇచ్చిన సంఖ్యను రెట్టింపు చేయడం, వచ్చినదాన్ని మళ్లీ రెట్టింపు చేయడం, ఆ వరుసల్లో కావలసినవాటిని ఏరి కూడడం, ప్రధానంగా ఇదే వారి గుణకారం. దీన్ని మోటు పద్ధతి అని తీసిపారేయడం తేలిక. కాని వారి భాగహారం, వారి భిన్నాలు, వారు శ్రమపడి తయారు చేసుకున్న పట్టిక కూడా ఈ రెట్టింపు చుట్టూనే అల్లుకొని ఉన్నాయని గమనిస్తే ఆ మాట నిలవదు.

ఈ పద్ధతి మనకు ముఖ్యంగా రైండ్ పపైరస్ వల్ల తెలిసింది. పపైరస్ అంటే రెల్లు వంటి మొక్క కాడలతో చేసిన ప్రాచీన ఈజిప్టు కాగితం. స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ హెన్రీ రైండ్ 1858లో ఈజిప్టులోని లక్సర్‌లో కొన్న ఈ పపైరస్ చుట్ట, ఆయన మరణానంతరం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. అప్పట్లో ఉత్తర ఈజిప్టును ఏలిన హిక్సోస్ వంశపు రాజు అపోఫిస్ పాలనలో 33వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1550లో, అహ్మోస్ అనే లేఖకుడు దీన్ని రాశాడు. ఇది తన సొంత రచన కాదనీ, మూడవ అమెనెమ్హాత్ రాజు కాలం నాటి పాత రాతకు నకలు అనీ అతడే పేర్కొన్నాడు. అంటే ఇందులోని గణితం అహ్మోస్ కంటే రెండు మూడు వందల ఏళ్లు పాతది. ఇందులో 80కి పైగా లెక్కలున్నాయి.

వాటిలో 79వ లెక్క చాలా ప్రసిద్ధమైనది. ఇళ్లు 7, పిల్లులు 49, ఎలుకలు 343, ధాన్యపు వెన్నులు 2401, ధాన్యం 16807 కొలతలు, మొత్తం 19607 అని ఒక పక్కన రాసి ఉంటుంది. రెండో పక్కన ఇదే మొత్తాన్ని 2801ని 7తో హెచ్చవేసి రాబట్టాడు. ఆ భాగం ఇలా ఉంటుంది:

1 — 2801
2 — 5602
4 — 11204
మొత్తం — 19607

ఎడమ వైపు 1, 2, 4 కలిస్తే 7 అవుతుంది కనుక కుడి వైపు మూడు సంఖ్యలూ కలిస్తే 2801కి ఏడు రెట్లు అవుతుంది. అహ్మోస్ మొదటి పక్కన 2401 రాయవలసిన చోట 2301 అని రాశాడు, అయినా అడుగున మొత్తం మాత్రం సరిగానే ఉంది. కూడిక చేస్తున్నవాడికి ఇటువంటి పొరపాటు మొత్తంలో బయటపడేది. ముందున్న ప్రతిని చూసి రాస్తున్నవాడి చేయి జారిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

పై లెక్కలో అన్ని వరుసలూ అక్కరకొచ్చాయి. సాధారణంగా అలా కుదరదు, ఏరుకోవలసి వస్తుంది. 48వ లెక్కలో 9ని 9తో హెచ్చవేసినప్పుడు వరుసగా 1కి 9, 2కి 18, 4కి 36, 8కి 72 అని రాసి, 1, 8 ఉన్న వరుసల పక్కన మాత్రం చిన్న ఏటవాలు గీతలు పెట్టాడు. ఆ రెండూ కలిస్తే 9 కాబట్టి 9, 72 కూడితే 81. గీత పెట్టని వరుసలు మెట్లవంటివి, వాటి మీదుగా పైకి వెళ్లాలే గాని మొత్తంలో వాటికి చోటు లేదు.

ఏ సంఖ్యతో హెచ్చవేయాలన్నా ఇలా తగిన వరుసలు తప్పక దొరుకుతాయా? దొరుకుతాయి. 1, 2, 4, 8, 16 అని సాగే వరుసలో, మనకు కావలసిన సంఖ్యను మించని అతి పెద్దదాన్ని తీసుకొని అందులోంచి తీసివేస్తే, మిగిలేది తీసివేసినదాని కంటే తప్పక చిన్నదిగా ఉంటుంది. లేకపోతే దాని రెట్టింపే ఆ సంఖ్యలో ఇమిడి ఉండేది. మిగిలినదానితో ఇదే పని మళ్లీ చేస్తూ పోతే, ఏ వరుసా రెండుసార్లు వాడకుండానే చివరికి సున్నాకు చేరతాం. పపైరస్‌లో ఈ నిరూపణ లేదు, కాని ప్రతి గుణకారమూ దీని మీద నమ్మకంతోనే నడిచింది. నేటి కంప్యూటర్లలో సంఖ్యలను 0, 1 అంకెలతోనే దాచే ద్విసంఖ్యామానానికీ ఆధారం ఈ సత్యమే. మన ఛందశ్శాస్త్రంలో కూడా దీనికి దగ్గరి పోలిక ఉంది. ఇన్ని అక్షరాల పాదంలో గురులఘువులు ఎన్ని విధాలుగా అమరుతాయో లెక్కించడానికి ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడు, అక్షరాల సంఖ్య సరి అయితే సగం చేయమనీ, బేసి అయితే ఒకటి తీసివేయమనీ, తిరిగి వచ్చేటప్పుడు సగం చేసిన చోట వర్గం చేసి, ఒకటి తీసిన చోట రెట్టింపు చేయమనీ సూత్రాల్లో చెప్పాడు. 6 అక్షరాలకు అలా 3, 2, 1, 0 అని దిగి, 1తో మొదలుపెట్టి తిరిగి వస్తే వరుసగా 2, 4, 8, 64 వస్తాయి. ఈజిప్టు నుంచి ఇక్కడికి ఏదో వచ్చిందని నా ఉద్దేశం కాదు, సంఖ్యను సగాలుగా విడదీస్తే పని తగ్గుతుందన్న ఎరుక రెండు చోట్లా ఉంది.

ఈజిప్టు వారి సంఖ్యామానం పదులదే కాబట్టి, వీలున్న చోట లేఖకులు నేరుగా పది రెట్లకు దూకేవారు. 1120ని 80తో భాగించవలసి వచ్చినప్పుడు అహ్మోస్ 1కి 80, 10కి 800, 2కి 160, 4కి 320 రాశాడు. 800, 320 కలిస్తే 1120, కనుక జవాబు 10, 4 కలిసి 14. భాగహారానికి వేరే పద్ధతి లేదన్నది ఇక్కడ ముఖ్యం. అదే పట్టికను ఇప్పుడు కుడి వైపు నుంచి చదువుతున్నాం. 1120 రావాలంటే 80ని ఎన్నిసార్లు తీసుకోవాలి అన్నదే ప్రశ్న.

భాగహారంలో శేషం మిగిలితే ఏం చేయాలి? 24వ లెక్కలో 19ని 8తో భాగించవలసి వచ్చింది. 2కి 16 వస్తుంది, ఆ పైన రెట్టింపు చేస్తే 32, అది ఎక్కువ. అందుకని లేఖకుడు దారి మార్చి 8ని సగాలు చేశాడు: 1/2కి 4, 1/4కి 2, 1/8కి 1. 16, 2, 1 కలిస్తే 19, కాబట్టి జవాబు 2 + 1/4 + 1/8. ఈజిప్టు లేఖకులు 2/3ను మినహాయించి మిగిలిన భిన్నాలన్నిటినీ లవం 1గా ఉన్న, ఒకదానికొకటి వేరైన భాగాల మొత్తంగానే రాసేవారు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. 1/8ని రెట్టింపు చేస్తే 1/4, ఇబ్బంది లేదు. హారం బేసిసంఖ్య అయితే? 1/15ని రెట్టింపు చేస్తే మనం 2/15 అని రాసి ముందుకు పోతాం. వారి రాతలో ఆ భిన్నానికి తావు లేదు, 1/15 + 1/15 అని రాయడమూ పద్ధతి కాదు. గుణకారమంతా రెట్టింపు మీద నడిచే చోట ఇది అడుగడుగునా ఎదురయ్యే సమస్య. అందుకే రైండ్ పపైరస్ మొదట్లోనే 2ని 3 నుంచి 101 వరకు ఉన్న ప్రతి బేసిసంఖ్యతో భాగిస్తే ఏమొస్తుందో చెప్పే పెద్ద పట్టిక ఉంది. ఈజిప్టు వారికి ఎక్కం అనదగింది ఏదైనా ఉంటే అది ఇదే.

పట్టిక పని చేసే తీరు 4వ లెక్కలో కనిపిస్తుంది. 7 రొట్టెలను 10 మందికి పంచాలి, ఒక్కొక్కరికి 2/3 + 1/30 వస్తుంది. సరిచూడడానికి లేఖకుడు ఆ వాటాను 10 రెట్లు చేశాడు:

1 — 2/3 + 1/30
2 — 1 + 1/3 + 1/15
4 — 2 + 2/3 + 1/10 + 1/30
8 — 5 + 1/2 + 1/10

రెండో వరుస నుంచి మూడో వరుసకు వెళ్లేటప్పుడు 1/15 స్థానంలో 1/10 + 1/30 వచ్చింది, పట్టికలో 2/15కి ఇచ్చిన విలువ సరిగ్గా అదే. 2, 8 వరుసలు కలిపితే 7 రొట్టెలూ లెక్కకు వస్తాయి. మనం ఒక్కొక్కరికి 7/10 రొట్టె అని తేల్చేస్తాం గాని, కత్తి పట్టుకొని నిలబడినవాడికి 2/3 వంతు ముక్క, ఆపైన చిన్న ముక్క అన్న మాటే ఎక్కువ ఉపయోగం.

పట్టికలోని విలువలు ఎంచుకున్న తీరు ఇంకా ఆసక్తికరం. చివరిదైన 2/101కి 1/101 + 1/202 + 1/303 + 1/606 అని ఉంది. 1, 1/2, 1/3, 1/6 కలిస్తే 2 అవుతుంది కనుక ఈ ఉపాయం ఏ సంఖ్యకైనా పనికొస్తుంది. పట్టిక మొత్తాన్నీ ఇలాగే నింపేయవచ్చు, కాని అలా చేయలేదు. ఈ దారిన 2/13కి 1/13 + 1/26 + 1/39 + 1/78 వస్తుంది. పపైరస్‌లో మాత్రం 1/8 + 1/52 + 1/104 అని మూడే భాగాలున్నాయి, మూడు హారాలూ సరిసంఖ్యలే. దాన్ని రెట్టింపు చేస్తే 1/4 + 1/26 + 1/52, మరోసారి రెట్టింపు చేస్తే 1/2 + 1/13 + 1/26, అంతవరకూ మళ్లీ పట్టిక తెరిచి చూడనక్కరలేదు. అన్ని హారాలూ ఇలా కుదరవు, 2/15కి ఇచ్చిన రెండూ సరిసంఖ్యలు కాగా 2/5కి ఇచ్చిన 1/3 + 1/15లో రెండూ బేసివే. అయినా కుదిరిన చోటల్లా సరి హారాల వైపే మొగ్గు చూపడానికి, తర్వాత రాబోయే రెట్టింపును దృష్టిలో ఉంచుకోవడమే కారణమని నాకు తోస్తుంది.