రెండేళ్లకని చేసిన ఇంజను, నలభై ఏళ్ల చాకిరీ

2023 నవంబరు చివర్లో వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర ఫోస్-ఎ-ఫ్రాన్ ఉపరితల బొగ్గు గని మూతపడింది. దాంతో పాత ఆవిరి బండ్లను ఇప్పటికీ నడిపే బ్రిటన్‌లోని వారసత్వ రైలు మార్గాలను చాలాకాలంగా వెంటాడుతున్న బెంగ మరింత ముదిరింది. ఆవిరి ఇంజన్లకు బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి? ఈ ప్రశ్న అన్ని ఇంజన్లకూ వర్తించేదే. అయినా వాటిలో ఒక రకం ఇంజను గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యుద్ధం కోసం పుట్టి, యుద్ధం అయ్యాక బొగ్గు గనుల దయవల్లే బతికి బట్టకట్టిన షంటింగ్ ఇంజను, అంటే యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ తోసి సర్దే ఇంజను అది. పేరు హన్స్‌లెట్ ఆస్టెరిటీ. ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగిన పెద్ద ఇంజన్ల గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. గని ముంగిట మసి కొట్టుకుపోయి వ్యాగన్లు తోసిన వీటి గురించి మాత్రం రెండు ముక్కలతో సరిపెడతారు. నాకది అన్యాయంగా కనిపిస్తుంది.

1942లో బ్రిటిష్ ప్రభుత్వానికి యార్డుల్లో వ్యాగన్లు సర్దే ఇంజన్లు పెద్ద సంఖ్యలో కావలసి వచ్చాయి. ఐరోపా గడ్డ మీద సైన్యం దిగిన రోజున ధ్వంసమైన రేవుల్లో, డిపోల్లో సరుకు కదిలించాలంటే అవి లేనిదే పని జరగదు. అప్పటికే నడుస్తున్న ఎల్ఎంఎస్ రైల్వే వారి చిన్న ఇంజను నమూనాను తీసుకోవాలని మొదట అనుకున్నారు. లీడ్స్ నగరంలోని హన్స్‌లెట్ కంపెనీ తన పారిశ్రామిక ఇంజనునే ఇంకా సులువు చేసి ఇస్తానని ఒప్పించింది. ఉక్కు పోతకు బదులు వీలైన చోటల్లా పోత ఇనుము వాడారు. నునుపులు, హంగులు తీసేశారు. రెండేళ్లపాటు మొరటు వాడకాన్ని తట్టుకుంటే చాలన్నది లెక్క. మొదటి ఇంజను 1943 ఆరంభంలో బయటికొచ్చింది. ఒక్క హన్స్‌లెట్ వల్ల అయ్యే పని కాదు కాబట్టి మరో అయిదు కంపెనీలకు కూడా పని పంచారు. 1947 నాటికి సైన్యం కోసం 377 తయారయ్యాయి.

బరువు 48 టన్నులు. ఆరు చక్రాలు, ఆరూ లాగేవే. గుర్రం మీద జీను వేసినట్టు బాయిలర్ మీద నీళ్ల ట్యాంకు కప్పి ఉంటుంది, అందులో 1,200 గ్యాలన్లు, అంటే సుమారు 5,400 లీటర్లు పడతాయి. ఆ నీటి బరువంతా చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టాల మీద పట్టు బాగా దొరుకుతుంది. నీరు అయిపోతున్నకొద్దీ ఆ పట్టు కాస్త సడలుతుంది. నీటికీ బొగ్గుకూ వెనక వేరే బండి తగిలించే పని లేదు కాబట్టి ముందుకైనా వెనక్కైనా ఒకేలా నడుస్తుంది, ఇరుకు మలుపుల్లో దూరిపోతుంది. ఇబ్బంది ఒకటుంది. సిలిండర్లు చక్రాల మధ్య, లోపల ఉంటాయి. నూనె పోయాలంటే డ్రైవరు నూనె డబ్బాతో ఆ ఇనుప సందుల్లోకి దూరాల్సిందే.

యుద్ధం ముగిసింది. సైన్యానికి అన్ని ఇంజన్ల పని లేదు. ఇవి మిగులు సామాన్ల జాబితాకెక్కాయి.

కొనేవాళ్లు వెంటనే దొరికారు. 1946లో ఎల్ఎన్ఈఆర్ రైల్వే 75 కొని జె94 తరగతి అని పేరు పెట్టింది. రైల్వేలన్నీ జాతీయమయ్యాక వాటికి 68006 నుంచి 68080 దాకా నంబర్లు వచ్చాయి. వాటిలో కొన్ని డెర్బీషైర్ కొండల్లోని క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ మార్గంలో పనిచేశాయి. అక్కడ హాప్టన్ దగ్గర ప్రతి 14 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఎక్కుడు ఉండేది. తాడు సాయం లేకుండా ఇంజను తన చక్రాల పట్టుతోనే ఎక్కాల్సిన దారుల్లో బ్రిటిష్ రైల్వేకు అంత నిటారుది మరొకటి లేదు. 1967లో ఆ మార్గం మూతపడేదాకా ఇవే దాన్ని ఎక్కాయి. నెదర్లాండ్స్ రైల్వే 27 తీసుకుంది. అక్కడి ప్రభుత్వ గనులూ కొన్ని పుచ్చుకున్నాయి. సైన్యం తన డిపోల కోసం కొన్నిటిని అట్టిపెట్టుకోవడమే కాక, 1952-53లో కొత్తగా మరో 14 చేయించుకుంది.

వీటి తలరాత మార్చింది మాత్రం 1947 జనవరి 1. ఆ రోజున గనులన్నీ జాతీయమై నేషనల్ కోల్ బోర్డు చేతికొచ్చాయి. వందల గనుల్లో రకరకాల కంపెనీల ముసలి ఇంజన్లు, ఒకదాని విడిభాగం మరొకదానికి సరిపడని పరిస్థితి. మిగులులో చవకగా దొరికిన ఆస్టెరిటీలు అందరికీ ఒకే కొలత తెచ్చాయి. మాంచెస్టర్ దగ్గరి వాక్డెన్ వర్క్‌షాపు లాంటి చోట్ల ఒక ఇంజను చక్రాలు మరొకదానికి, దీని బాయిలర్ దానికి మార్చి తిప్పేవారు. బోర్డు అంతటితో ఆగలేదు, అదే నమూనాలో కొత్తవి చేయించుకుంటూ పోయింది. హన్స్‌లెట్ చివరి రెండూ 1964లో కట్టింది. మొత్తం లెక్క 485. యుద్ధం అయిపోయిన పంతొమ్మిదేళ్లకు కూడా ఆ యుద్ధకాలపు నక్షానే ముందు పెట్టుకుని కొత్త ఇంజను కట్టారంటే, ఆ నక్షాలో ఎంత పనితనం ఉందో ఆలోచించండి.

గని యార్డులో వీటి రోజు తెల్లవారక ముందే మొదలయ్యేది. చల్లారిన బాయిలర్‌లో ఆవిరి తయారు కావడానికి గంటలు పడుతుంది. నూనె గుడ్డలు, చెక్క ముక్కలు వేసి నిప్పు అంటించి, పలచగా బొగ్గు చల్లి, పొగగొట్టం గాలి లాగడం అందుకునేదాకా కాచుకోవాలి. పని మొదలయ్యాక ఊపిరాడదు. ఖాళీ వ్యాగన్లను బొగ్గు జల్లెడల కిందికి తోయాలి, నిండినవి లాగి తూకానికి తేవాలి, రైల్వే వారికి అప్పగించాలి. వ్యాగన్ల మధ్య మూడు లంకెల గొలుసు. వ్యాగన్లు తగిలించే మనిషి, షంటరు, బయట నిలబడి, చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్రతో ఆ లంకె లేపి అవతలి వ్యాగన్ కొక్కేనికి తగిలిస్తాడు. వానలో, చీకట్లో, కదులుతున్న బండి పక్కన చేయాల్సిన పని అది. డ్రైవరు చూపంతా ఆ మనిషి చేతి దీపం మీదే. షిఫ్టు చివర బూడిద దింపి, పొగపెట్టెలో పేరుకున్న మసిని పారతో తోడాలి. మర్నాడు మళ్లీ మొదలు.

డీజిల్ వచ్చాక కూడా వీటిని ఎందుకు తీసేయలేదన్నది సహజమైన ప్రశ్న. గనికి బొగ్గు తన గుమ్మంలోనే ఉంది, డీజిలేమో కొనాలి. బాగుచేసే మేస్త్రీలు అక్కడే ఉన్నారు, విడిభాగాలకు కొదవ లేదు. చిక్కు పొగతోనే వచ్చింది. 1956లో స్వచ్ఛ గాలి చట్టం రావడంతో నల్లటి పొగ నేరమైంది. దానికీ హన్స్‌లెట్ మార్గం వెతికింది. బొగ్గును పైనుంచి చల్లకుండా కింది నుంచి నిప్పులోకి నెట్టే యంత్రం, దాంతోపాటు పొగగా పోయే వాయువులను కూడా మండించే ఏర్పాటు చేసింది. 1960లలో చాలా ఇంజన్లకు ఇవి అమరాయి. 1968 ఆగస్టులో బ్రిటిష్ రైల్వే తన ప్రధాన మార్గాల్లో ఆవిరికి స్వస్తి చెప్పింది. గని యార్డుల్లో ఆస్టెరిటీలు ఇంకా పొగ వదులుతూనే ఉన్నాయి. సెయింట్ హెలెన్స్ దగ్గరి బోల్డ్ గనిలో 1980ల మొదట్లో కూడా ఇవి పనిచేశాయి. 1984-85 గని కార్మికుల సమ్మె తర్వాత గనులే ఒకటొకటిగా మూతపడ్డాయి. బోల్డ్ 1985లో పోయింది.

ఇదే కథ యుద్ధం కోసం అమెరికా వారు చేసిన షంటింగ్ ఇంజనుకూ ఉంది. 382 తయారైన ఎస్100 రకంలో పద్నాలుగు సౌథాంప్టన్ రేవులో పనిచేశాయి. సుమారు వంద యుగోస్లావియాకు చేరాయి. అక్కడ స్లావొన్‌స్కి బ్రోడ్ కర్మాగారం వాటికి నకళ్లు కూడా చేసింది. ఆ రకం ఇంజన్లు బోస్నియాలోని తూజ్లా గనుల్లో ఈ శతాబ్దం దాకా కనిపించాయి. కారణం అక్కడా అదే, పక్కనే బొగ్గు.

ఆస్టెరిటీలు ఇప్పుడు సుమారు డెబ్బై మిగిలాయి. గనులు వాటిని వదిలించుకుంటున్న రోజుల్లో చిన్న చిన్న వారసత్వ సంఘాలు చందాలు వేసుకుని కొన్నాయి. కొన్నిటికి తాము ఎన్నడూ మోయని రైల్వే నంబర్లు రాశారు, ఒకదాన్ని పిల్లల కథల్లోని నీలి ఇంజనుగా మార్చారు. వాటికి గనిలో ఉన్నప్పటి పేరే ఉంచాలని నా పట్టుదల. స్టాఫర్డ్‌షైర్‌లోని ఫాక్స్‌ఫీల్డ్ మార్గం ఆ విషయంలో నాకు ఇష్టం. అది 1965లో మూతపడిన గని తాలూకు పాత లైను. బోల్డ్‌లో పనిచేసిన ‘విస్టన్’ అక్కడ అదే పేరుతో ఉంది. ప్రతి 19 అడుగులకు ఒక అడుగు లేచే ఆ ఎక్కుడు మీద ఇలాంటి ఇంజను వ్యాగన్లు లాగుతుంటే, గని రోజుల్లో వినిపించిన చప్పుడే వినిపిస్తుంది.

ఆ చప్పుడుకు కావలసిన బొగ్గు ఇప్పుడు విదేశాల నుంచి ఓడల్లో రావాలి. బొగ్గు పొడికి మొక్కల పదార్థం కలిపి చేసిన ముద్దలను కొన్ని మార్గాలు వాడి చూస్తున్నాయి. అవి రాతి బొగ్గులా మండవు. ఎప్పుడు వేయాలో, ఎంత పలచగా వేయాలో ఫైర్‌మన్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నారు.