పూడ్చినవాళ్ళందరూ ప్రేమించినట్టేనా?

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి వచ్చాక మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. ఈజిప్టువాళ్ళు పిల్లులకు కూడా మమ్మీలు చేసేవారన్నది నిజమేనా అని అడిగారు. నిజమే అయితే వాళ్ళకు జంతువులంటే మనకన్నా ఎక్కువ ప్రేమ ఉండేదా అని కూడా అడిగారు. మొదటిదానికి జవాబు తేలిక: నిజమే. రెండోదాని కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాయవలసి వస్తోంది. ఒక జంతువును శ్రద్ధగా పూడ్చిపెట్టారని తెలిసినంత మాత్రాన దాన్ని ప్రేమించారని తేల్చేయడానికి వీలులేదు. అలాగని ప్రేమించలేదనీ అనలేము. ప్రతి గోతినీ విడిగా చూడాలి.

ముందు ప్రేమకు సాక్ష్యం దొరికిన చోటు చెబుతాను. 1935లో గీజా పిరమిడ్ల దగ్గర తవ్వుతుండగా, ఒక సమాధి గోడలో వాడిన పాత రాతిపలక మీద అబూతియు అనే కుక్క గురించిన రాత బయటపడింది. ఆ కుక్క రాజుగారికి కాపలా కాసేదనీ, అది చనిపోతే దానికి అంత్యక్రియలు జరపమని రాజే ఆజ్ఞ ఇచ్చాడనీ, ఖజానా నుంచి శవపేటికనూ సన్నని నారబట్టనూ సాంబ్రాణినీ ఇప్పించాడనీ అందులో ఉంది. ఆ రాత నాలుగువేల ఏళ్ళకు పైబడినది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఈజిప్టు తిరిగివచ్చిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ కూడా, ఇంట్లో పిల్లి చస్తే అక్కడివాళ్ళు కనుబొమలు గొరిగించుకుంటారనీ, కుక్క చస్తే తలతోపాటు ఒళ్ళంతా గొరిగించుకుంటారనీ రాశాడు. కాబట్టి ఈజిప్టు ఇళ్ళలో జంతువుల మీద మమకారం లేదని ఎవరూ అనలేరు.

అయితే ఇప్పుడు మ్యూజియంలలో కనిపించే పిల్లి మమ్మీల్లో ఎక్కువభాగం ఇళ్ళలో పెంచినవి కావు. పిల్లి రూపంలో కొలిచే బాస్తెత్ అనే దేవత ఉండేది. ఆ దేవత గుడికి వచ్చే భక్తులు ఒక పిల్లి మమ్మీని కొని సమర్పించేవారు. మన గుళ్ళలో కంటిజబ్బు నయమైనవాళ్ళు వెండి కళ్ళు చేయించి హుండీలో వేయడం మీరు చూశారు కదా, ఇదీ అటువంటి మొక్కుబడే. తేడా ఏమిటంటే అక్కడ మొక్కు తీరడానికి ఒక ప్రాణి చావాలి. లండన్‌లోని మమ్మీలను ఎక్స్‌రే తీసి చూస్తే వాటిలో చాలావరకు ఏడాది కూడా నిండని పిల్లులేననీ, కొన్నింటికి మెడ విరిచారనీ తేలింది. ముసలితనంతో చనిపోయిన పెంపుడు పిల్లులైతే ఇలా ఒకే వయసుకు వచ్చి చావవు. సక్కారా అనే చోట నక్క తల దేవుడైన అనుబిస్ పేర తవ్విన సొరంగాలలో సుమారు ఎనభై లక్షల జంతువులను ఉంచి ఉంటారని 2015లో పరిశోధకులు అంచనా వేశారు. వాటిలో కుక్కలే ఎక్కువ, ఆ కుక్కలలో పుట్టి కొన్ని గంటలో కొన్ని రోజులో అయిన కూనలే ఎక్కువ. అన్ని కూనలు కావాలంటే వాటిని పనిగట్టుకుని పెంచి ఉండాలి.

ఇంకో సంగతి వింటే నవ్వు వస్తుంది. మాంచెస్టర్‌లో ఎనిమిదివందలకు పైగా జంతు మమ్మీలను స్కాన్ చేస్తే, దాదాపు మూడోవంతు మమ్మీలలో జంతువే లేదు. మట్టి, పుల్లలు, ఈకలు, గుడ్డుపెంకులు మాత్రం ఉన్నాయి. పూజారులు భక్తులను మోసం చేశారని తొందరపడి అనకండి. పవిత్రమని కొలిచే పక్షి గూటిలోని పుల్ల కూడా పవిత్రమేనని వాళ్ళు అనుకుని ఉండవచ్చునని ఆ పరిశోధకులే అన్నారు. అంతకన్నా పెద్ద అన్యాయం తరవాతి కాలంలో జరిగింది. 1888లో బెనీ హసన్ దగ్గర ఒక రైతుకు పిల్లి మమ్మీల గుంట దొరికితే, వాటిలో ఇంచుమించు లక్షా ఎనభైవేల పిల్లులను ఓడకెక్కించి, 1890లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఎరువు కింద అమ్మేశారు.

ఇక రాత అంటూ లేని కాలానికి పోదాం. అక్కడ చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, ఎముకలే చెప్పాలి.

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాతిక్వారీ కూలీలకు ఒక సమాధి దొరికింది. అందులో ఒక మగమనిషి, ఒక స్త్రీ, వాళ్ళతోపాటు ఒక కుక్క ఉన్నాయి. ఎముకల మీద జేగురుమన్ను ఎర్రగా పట్టి ఉంది, పైన రాతి పలకలు కప్పారు. మంచుయుగం చివరి రోజులు, అంటే ఇప్పటికి సుమారు పద్నాలుగు వేల ఏళ్ళ కిందటి మాట. మనిషితో కలిపి పూడ్చిన కుక్కలలో ఇంత పాతది అరుదు. తవ్వినప్పుడు ఆ ఎముకలు కుక్కవని ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ సంగతి 1970లలో గానీ తేలలేదు. అసలు కథ 2018లో బయటికి వచ్చింది. పశువైద్యం తెలిసిన ఒక పరిశోధకుడు, ఆయన సహచరులు ఆ కుక్కపిల్ల పళ్ళను దగ్గరగా చూస్తే, పైనుండే ఎనామెల్ పొర కొన్నిచోట్ల గీతలుగీతలుగా అరిగినట్టు, ఎదగకుండా ఆగిపోయినట్టు కనిపించింది. పన్ను ఎదిగేటప్పుడు ఒంట్లో పెద్ద జబ్బు చేస్తే ఆ గుర్తు ఎనామెల్‌లో ఉండిపోతుంది, తరవాత చెరగదు. ఆ గీతలున్న తీరును బట్టి, ఆ పిల్లకు డిస్టెంపర్ అనే జబ్బు నాలుగున్నర నెలల వయసులో మొదలై, విడతలు విడతలుగా వచ్చి ఉంటుందని వాళ్ళు లెక్కగట్టారు. ఆ జబ్బు వచ్చిన కుక్కపిల్ల తిండి తినదు, నీళ్ళు తాగదు, వాంతులు, విరేచనాలు చేసుకుంటుంది, ఎవరూ చూసుకోకపోతే మూడు వారాలు కూడా బతకదు. ఇదేమో దాదాపు ఎనిమిది వారాలు బతికి, ఏడో నెలలో చనిపోయింది. జబ్బు మంచాన ఉన్న కుక్క వేటకూ పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా ఎవరో దాన్ని వెచ్చగా పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి ఉండాలి. నా మట్టుకు నాకు, గోతిలో దాన్ని మనుషుల పక్కన పెట్టడం కన్నా ఆ పళ్ళమీది గీతలే ఎక్కువ సాక్ష్యం.

అట్లా అని పాతకాలం వాళ్ళంతా కుక్కలను అలాగే చూసుకున్నారనుకోకూడదు. స్వీడన్ దక్షిణాన స్కేట్‌హోల్మ్ అనే చోట సుమారు ఏడువేల ఏళ్ళ కిందటి శ్మశానం ఉంది. అక్కడ ఒక కుక్కకు మనిషికి చేసినట్టే చేశారు: దాని వెన్నువెంబడి దుప్పికొమ్ము పెట్టారు, నడుము దగ్గర చెకుముకిరాతి కత్తులు పెట్టారు, చెక్కడం పని చేసిన కొమ్ము సుత్తిని కూడా పెట్టారు. అదే శ్మశానంలో, ఎవరో మనిషి చనిపోతే తోడుగా పంపడానికి మెడ విరిచి చంపిన కుక్క కూడా ఉంది. ఒకే ఊరివాళ్ళు, ఒకే జాతి జంతువుకు, రెండు రకాలుగా చేశారు. బతికున్న రోజుల్లో ఈ రెండో కుక్కను కూడా వాళ్ళు ముద్దు చేసి ఉండవచ్చు. మనకు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించేవి వాళ్ళకు పొసిగి ఉండవచ్చు.

పండితులు ఇప్పటికీ తగువులాడుకునే చోటు ఒకటి చెప్పి తీరాలి. ఇజ్రాయెల్ తీరంలోని అష్కెలోన్ రేవుపట్నంలో లారెన్స్ స్టేజర్ అనే అమెరికన్ ఆచార్యుడి బృందం 1985 నుంచి తవ్వకాలు జరిపింది. పారశీకుల ఏలుబడిలో ఉండిన కాలానికి, అంటే క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానికి చెందిన వెయ్యికి పైగా కుక్కల సమాధులు అక్కడ బయటపడ్డాయి. ప్రతి కుక్కకూ విడిగా చిన్న గొయ్యి తీసి, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, తోకను వెనకకాళ్ళ దగ్గరికి చుట్టారు. ఏ వస్తువూ తోడు పెట్టలేదు. కోసిన గుర్తులు, కొట్టిన గుర్తులు లేవు. సగానికి పైగా కూనలే. అక్కడేదో రోగాలు నయంచేసే దేవత గుడి ఉండి ఉంటుందనీ, ఆ కుక్కలు పవిత్రమైనవనీ స్టేజర్ ఊహించాడు. మెసొపొటేమియాలో గులా అనే వైద్యదేవతకు కుక్క సహచరి, ఇసిన్ నగరంలోని ఆమె గుడి దగ్గర ముప్పైమూడు కుక్కల సమాధులు దొరికాయి కాబట్టి అది పూర్తిగా గాలిమాట కాదు. జంతువుల ఎముకలు చదివే ఇంకొందరు మాత్రం, వీధికుక్కలు మామూలుగా చచ్చిపోయే తీరే ఇది, కూనలే ఎక్కువ చస్తాయి, ఇందులో దేవతను తేవలసిన పని లేదు అన్నారు. చావు మామూలుదే అనే మాట నాకు సబబుగానే తోస్తుంది. కానీ వీధికుక్క చచ్చిపడితే ఊరిబయటికి ఈడ్చి పారేయడం తేలిక కదా, ఒక్కొక్కదానికి గొయ్యి తవ్వి తోక సర్దడం ఎందుకు? ఎవరో ఒకరు ఆ పని యాభై ఏళ్ళపాటు ఓపిగ్గా చేశారు. అది దేవతకు భయపడి చేశారో, ఊరి ఆచారమని చేశారో ఎముకల్లో రాసిలేదు.

రాజుల విషయం వేరు. ఈజిప్టు దక్షిణాన హైరాకోన్‌పొలిస్‌లో, పిరమిడ్లకు వెయ్యేళ్ళ ముందటి దొరల శ్మశానంలో ఏనుగు, నీటిగుర్రం, చిరుతపులి, మొసలి, బబూన్ కోతులు పూడ్చి ఉన్నాయి. నీటిగుర్రం కాలి ఎముక విరిగి తిరిగి అతుక్కుని ఉంది, తాడుతో కట్టిపెడితే గుంజుకుని విరగ్గొట్టుకుని ఉంటుంది. కోతుల ముంజేతులు కూడా విరిగి అతుక్కున్నాయి, దెబ్బ మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు విరిగే తీరులో. అడవిలో అంతటి దెబ్బ తగిలితే నీటిగుర్రమైనా కోతైనా బతకడం కష్టం, కాబట్టి వీటిని పట్టుకొచ్చి, కొట్టి, మేపి, చివరికి దొర చనిపోయినప్పుడు ఆయనతో పంపారు. ఇంతటి మృగాన్ని లొంగదీశాను అని చాటుకోవడమే ఇక్కడ అర్థమని నా అభిప్రాయం.

మనకు దగ్గరలోనే, నాగపూర్ పక్కన మాహుర్‌ఝరిలో, ఇనుపయుగంనాటి గుండ్రటి రాళ్ళ సమాధులు ఉన్నాయి. తెలుగునాట పల్లెల్లో రాక్షసగుళ్ళు అని పిలిచే సమాధుల కుటుంబానికే అవీ చెందుతాయి. అక్కడ మనుషులతోపాటు గుర్రాలు, గుర్రపు ముఖానికి తొడిగే రాగిరేకు ఆభరణాలు, ఇనుప కళ్ళేలు దొరికాయి. గుర్రపు ఎముకలమీద కోతగుర్తులున్నాయి. ముస్తాబు చేసినచేతులే కోసి ఉంటాయి.

చివరగా బెరెనికే. ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున రోమన్ల రేవు అది, మన శాతవాహనుల కాలంలో ఇండియా మిరియాలు దిగుమతి అయిన ఊరు. దాని శివార్లలో పోలండ్ పరిశోధకులు 585 జంతువుల సమాధులను లెక్కించి 2021లో ప్రకటించారు: 536 పిల్లులు, 32 కుక్కలు, 15 కోతులు, ఒక నక్క, ఒక డేగ. మమ్మీలు లేవు, మెడ విరవడం లేదు, బలి గుర్తులు లేవు. కొన్ని పిల్లుల మెడలో ఇనుప పట్టీలు, పూసలు ఉన్నాయి. పళ్ళూడి, కీళ్ళరిగిన ముసలికుక్కలకు మెత్తటి తిండి పెడితేనే అంతకాలం బతుకుతాయి. మీ రెండో ప్రశ్నకు మీరు ఆశించిన జవాబు గీజాలోకన్నా ఇక్కడే గట్టిగా దొరుకుతుంది.

ఆ కోతులలో ఎక్కువవి మన దేశపువే, ఓడలమీద వెళ్ళినవి. కొన్నింటి పక్కన మెరిసే గవ్వలు, తిండి, తోడుగా పిల్లికూనో పందికూనో పెట్టారు. అయితే అవి చాలావరకు చిన్నవయసులోనే చచ్చిపోయాయి. ఎముకల్లో పోషణ చాలని గుర్తులున్నాయి. ఎడారి రేవులో పండు, ఆకు దొరకడం కష్టం, కోతికి ఏం పెట్టాలో యజమానులకు తెలిసి ఉండకపోవచ్చు. గవ్వలు పెట్టిన చేతులే తెలియక సరిపడని తిండి పెట్టాయి.

ఇట్లు
మీ తాతయ్య