హిమాలయాలు పెంచని ఖండం

హిమాలయాలు ఇంకా ఎదుగుతున్న మాట నిజమే. అయినా ఖండాల జమాఖర్చు చూస్తే అక్కడ కొత్తగా జమ అయిన రాయి చాలా తక్కువ. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం (భూమి గట్టి పైభాగంలోని కదిలే పెద్ద ముక్కల్లో ఒకటి) యురేషియాను ఢీకొన్నప్పటి నుంచీ, ఉన్న రాయే నలిగి, ముడతలు పడి, పొరలు పొరలుగా ఒకదానిపై ఒకటి ఎక్కుతోంది. ఎవరెస్టు కొనన ఉన్నది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. ఖండాల పటలం (భూమి పైనున్న రాతి పొర) మందం సగటున 35-40 కిలోమీటర్లయితే, టిబెట్ కింద అది 70 దాకా ఉంటుంది. పర్వతం పైకి కనిపించేదానికన్నా కిందికి దిగిందే ఎక్కువ. అందుకే వానలూ హిమనదాలూ శిఖరాలను అరగదీసినకొద్దీ, పైబరువు తగ్గి, కిందికి దిగిన ఆ పర్వతపు వేరు మెల్లగా పైకి తేలుతుంది.

మరి కొత్త రాయి ఎక్కడ పుడుతుంది? ముఖ్యంగా, సముద్రపు ఫలకం మరో ఫలకం కిందికి దూరే చోట. లోపలికి దిగిన ఫలకమే కరిగి లావాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా జరిగేది అది కాదు. అసలు పని నీటిది! ఫలకంలోని ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు, సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరేసరికి వేడికీ ఒత్తిడికీ విడుదలై పైనున్న మాంటిల్‌లోకి (పటలం కింది వేడి రాతిపొరలోకి) చేరుతుంది. తడి తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన శిలాద్రవంలో కొంతే అగ్నిపర్వతాల నుంచి బయటపడుతుంది, ఎక్కువ భాగం లోపలే చల్లబడి గట్టిపడుతుంది. అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల వరుస అలా ఏర్పడిందే. ఇలాంటి దీవులు ఫలకాలతో పాటు కదిలివచ్చి ఖండాల అంచులకు అతుక్కుంటాయి. అలాస్కాలో చాలా భాగం అలా అతుక్కున్న నేలే.

ఇక్కడే ఒక చిక్కు. మాంటిల్ కరిగితే వచ్చేది బసాల్ట్ అనే నల్లని, బరువైన రాయి. అందులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) దాదాపు 50 శాతం. ఖండాల సగటు మాత్రం 60 శాతం. శిలాద్రవం చల్లబడేటప్పుడు సిలికా తక్కువగా ఉన్న బరువైన ఖనిజాలు ముందు గట్టిపడి అడుగున చేరతాయి. ఆ అడుగుభాగం తెగి తిరిగి మాంటిల్‌లోకి మునిగిపోతుందని, పైన సిలికా ఎక్కువున్న రాయి మిగులుతుందని చెప్పే వివరణ నాకు సబబుగా తోస్తుంది.

ఖర్చు కూడా ఉంది. నదులు సముద్రానికి చేర్చిన మట్టిలో కొంత, దిగే ఫలకంతో పాటు లోపలికి పోతుంది. అయినా ఖండాలు నిలిచాయి. తేలికైన రాయి కనుక అవి సముద్రపు ఫలకంలా సులువుగా మునగవు. సముద్రగర్భంలో 20 కోట్ల ఏళ్లు దాటిన రాయి అరుదు. కెనడాలోని అకాస్టా శిలల వయసు 400 కోట్ల ఏళ్లు. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ (చాలా గట్టి ఖనిజం) రేణువుల్లో కొన్ని 440 కోట్ల ఏళ్ల నాటివి. వాటిని కన్న తల్లిరాయి మాత్రం ఇప్పుడు లేదు.