కొత్త నీళ్ళొచ్చినా కదలని చేప

మా మామ వాళ్ళ ఊరు చిత్తూరుకు పదిహేను కిలోమీటర్లు. నవంబరులో వాయుగుండం వచ్చి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే, "చెరువు మొరవ పోతా ఉంది, వచ్చెయ్ అల్లుడా" అని ఫోన్ వస్తుంది. చెరువు నిండి, మిగులు నీళ్ళు రాతికట్ట మీద నుంచి కాలువలోకి పొర్లడాన్ని మా వైపు మొరవ పోవడం అంటారు. ఆ పొర్లే నీటికి చేపలు ఎదురెక్కుతాయి. పాత చీరలు, దోమతెరలు, గంపలు పట్టుకుని ఊరంతా అక్కడే ఉంటుంది. మామది ఒకటే సూత్రం: కొత్త నీళ్ళొస్తే చేపకు ఊపొస్తుంది.

ఆ సూత్రాన్ని నమ్ముకుని నేను హిమాచల్‌లో బోల్తా పడ్డాను.

హిమాచల్ నదుల్లో ట్రౌట్ చేపల వేట మార్చి 1న మొదలవుతుంది. అవి గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా వేటను ఆపేస్తారు. నేను పని మీద కులూ వైపు వెళ్ళింది మార్చి రెండో వారంలో. తీర్థన్ నది పక్కన రెండు రోజులు ఖాళీ దొరికింది. లైసెన్స్ తీసుకున్నాను, గాలపు కర్ర అద్దెకు తెచ్చుకున్నాను. మన చెరువుల దగ్గర అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే నదిలో దిగాను. పది గంటల దాకా విసిరాను. ఒక్క చేప కూడా తొంగిచూడలేదు. అద్దెకిచ్చిన పెద్దాయన ఎండలో టీ తాగుతూ చూస్తున్నాడు. ఆయన అప్పటికి ఇల్లు కదలనేలేదు. ఎందుకు కదల్లేదో మధ్యాహ్నానికి గానీ నాకు తెలియలేదు.

ఈ వేటను ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి వానపాము గుచ్చుతాం, సీసం గుండు కడతాం. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ కొక్కేనికి కట్టేది కోడిపుంజు మెడ ఈక, కాస్త పట్టుదారం. అది చూడ్డానికి పురుగులా ఉంటుంది గానీ దానికి బరువే ఉండదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. కొరడా ఝళిపించినట్టు వెనక్కీ ముందుకీ ఊపితే దారం గాలిలో పొడుగ్గా విచ్చుకుని, చివరన ఉన్న ఈకల పురుగును నీటి మీద మెల్లగా దించుతుంది. తర్వాత ఇది చెబితే మామ నవ్వాడు. "పుంజు ఈకకు మోసపోయే చేపను పట్టలేకపోయినావా?"

ఆ చేపకు తెలివి ఎక్కువేమీ కాదు. దాని ఒళ్ళు చల్లబడింది, అంతే. చేపకు మనలాగా ఒంట్లో సొంత పొయ్యి లేదు. నీళ్ళెంత చల్లగా ఉంటే దాని ఒళ్ళూ అంతే చల్లగా ఉంటుంది. నీటి వేడి పది డిగ్రీలు తగ్గితే ఒంట్లో పనుల వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. ట్రౌట్ బాగా తినేది నీళ్ళు సుమారు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. నాలుగైదు డిగ్రీల నీటిలో తిన్నది అరగడానికే చాలా సేపు పడుతుంది, కాబట్టి ఆకలీ ఉండదు. అప్పుడది అడుగున, రాయి చాటున, నీటి పోటు తక్కువగా ఉన్న చోట కూర్చుంటుంది. కూర్చున్న చోటికి ఏదైనా కొట్టుకొస్తే నోరు తెరుస్తుంది. జానెడు దూరం ఈది పట్టుకునేంత లాభం దానికి కనిపించదు. నేను చేసిందల్లా పైపైన నీటి మీద ఈకలు ఆడించడం.

తిరుపతిలో అక్వేరియం సామాన్లు అమ్మే కొట్లో కొన్న చిన్న థర్మామీటర్ నా సంచిలో ఉంది. తెల్లవారుజామున నీళ్ళు 5 డిగ్రీలు. పదకొండుకు 6. ఒంటిగంటకు 8 దాటింది. బయట ఎండకు స్వెటర్ విప్పేశాను. గాలి వేడెక్కినంత తొందరగా నీళ్ళు వేడెక్కవు కదా. మన వైపు మే నెలలో తెల్లవారుజాము వేట మంచిదనడానికి ఏది కారణమో, ఇక్కడ మధ్యాహ్నం మంచిదనడానికీ అదే కారణం. అక్కడ చల్లదనం కోసం, ఇక్కడ వెచ్చదనం కోసం చూడాలి.

ఆ వెచ్చదనమైనా సాయంత్రం దాకా నిలవదు. ఎండ ఎక్కేకొద్దీ పైన కొండల మీద మంచు కరగడం మొదలవుతుంది. ఒక గ్రాము మంచును కరిగించడానికి పట్టే వేడితో అదే గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే సూర్యుడిచ్చే వేడిలో ఎక్కువ భాగం మంచును నీళ్ళు చేయడానికే ఖర్చవుతుంది, ఆ నీళ్ళు మాత్రం మంచంత చల్లగానే దిగివస్తాయి. మూడున్నరకు నది రంగు మారింది. గాజులా ఉన్నది బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. నేను నిలబడిన రాయి మీదికి నీళ్ళు రెండు వేళ్ళ ఎత్తు ఎక్కాయి. థర్మామీటర్ మళ్ళీ 6కు దిగింది. కొత్త నీళ్ళొచ్చాయి, చేప నోరు మూసుకుంది. పెద్దాయన అప్పటికే కర్ర మడిచి ఇంటిదారి పట్టాడు. రోజుకు ఆయన వేటాడేది మూడు గంటలే.

రెండో రోజు నేనూ పదకొండుకే దిగాను. ముందు నీళ్ళలో ఒక గుండ్రాయిని తిరగేసి చూశాను. అడుగున అతుక్కుని, అగ్గిపుల్లలో సగం పొడవున, బల్లపరుపుగా ఒక పురుగు. తోక చివర మూడు వెంట్రుకలు, పొట్ట పక్కల ఊగుతున్న సన్నటి రేకులు. ఆ రేకులే దాని మొప్పలు. ఇది మేఫ్లై పిల్ల. చాలా జాతుల్లో ఇది నెలల తరబడి, కొన్నిటిలో ఏడాది దాకా ఇలా రాళ్ళ కింద బతికి, నీళ్ళు తగినంత వెచ్చబడిన రోజున పైకి తేలి, చర్మం విడిచి, రెక్కలతో ఎగిరిపోతుంది. రెక్కలొచ్చాక పనికొచ్చే నోరే ఉండదు, తినదు. జతకట్టి, గుడ్లు పెట్టి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో చచ్చిపోతుంది. తొలివానకు మన వీధిలైట్ల చుట్టూ మూగే ఉసిళ్ళు గుర్తొచ్చాయి. జాతి వేరు గానీ, వాతావరణం సైగ చేయగానే అందరూ ఒకేసారి బయటపడటంలో రెండూ ఒకటే. ఉసిళ్ళను మనవాళ్ళు వేయించి బొరుగుల్లో కలుపుకుంటారు. ట్రౌట్‌కు మేఫ్లైలు అంతకంటే పెద్ద విందు.

మార్చిలో ఆ విందు మధ్యాహ్నం కాసేపే. అదీ రోజూ ఉండదు. మిగతా సమయంలో పురుగు పిల్లను పోలిన ఈకల ముడిని అడుగుదాకా దించి, నీటి వేగంతోనే మెల్లగా పోనివ్వాలి. అలా పోనిస్తే పన్నెండున్నరకు దారం ఒక్క క్షణం ఆగింది. లాగితే బ్రౌన్ ట్రౌట్, జానెడంటే జానెడే. ఒంటి మీద ఎర్ర చుక్కలు, చుక్క చుట్టూ తెల్లటి గీత. దాని ఒంటి మీది జిగురు పొర చెరిగిపోకుండా చేతులు తడుపుకుని పట్టుకుని, కొక్కెం తీసి వదిలేశాను. గులకరాళ్ళ నేల శుభ్రంగా, లేతరంగులో కనబడిన చోట మాత్రం అడుగు పెట్టొద్దని పెద్దాయన కేకేశాడు. ఆ గులకల కిందే గుడ్లు, వాటి నుంచి వచ్చిన పిల్లలు ఉంటాయట. రెయిన్‌బో ట్రౌట్ గుడ్డు 10 డిగ్రీల నీటిలో పొదగడానికి సుమారు నెల పడుతుంది, అంతకంటే చల్లటి నీటిలో ఇంకా ఎక్కువ. మార్చిలో కొన్ని ఇంకా ఆ రాళ్ళ కిందే ఉంటాయి.

ఈ చేపలు మన దేశానివి కావు. 1899లో కాశ్మీర్‌కు ఓడలో తెప్పించిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడైపోయాయి. మరుసటి ఏడు స్కాట్లండ్ నుంచి వచ్చినవి బతికాయి. అక్కడి గంగాబల్, విషన్‌సర్ లాంటి కొండ సరస్సులు 3,500 మీటర్ల పైన ఉంటాయి, వాటికి సీజన్ ఇంకా ఆలస్యం. నీళ్ళు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అందుకే చలికాలంలో అంతకంటే చల్లబడిన నీళ్ళు పైనే ఉండి మంచుపెచ్చు కడతాయి, దాని కింద చేప బతుకుతుంది. పెచ్చు కరిగాక పై నీళ్ళు 4 డిగ్రీలకు చేరి బరువెక్కి కిందికి దిగుతాయి, గాలి తోడైతే సరస్సు మొత్తం కలగలిసిపోతుంది. అప్పుడు తొందరగా వెచ్చబడే ఒడ్డు వార లోతు తక్కువ నీళ్ళకు చేప వస్తుంది. నడిసరస్సులోకి విసరడం దండగ.

మరి మన కొండల మీద ట్రౌట్ ఎందుకు లేదు? వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తిరుమల 850 మీటర్ల ఎత్తు. తిరుపతి కంటే నాలుగైదు డిగ్రీలే చల్లన. హార్స్‌లీ కొండ 1,265 మీటర్లు, అదీ చాలదు. రెండు వేల మీటర్ల పైనున్న నీలగిరి వాగుల్లో ట్రౌట్ 20వ శతాబ్దం మొదట్లోనే నిలదొక్కుకుంది. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే ఈ చేపకు కష్టం మొదలవుతుంది, 25కు ప్రాణం మీదికొస్తుంది. వేడెక్కే నీటిలో ప్రాణవాయువు నిలవదు కూడా. సముద్రమట్టం లెక్కన 10 డిగ్రీల లీటరు నీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. సరిగ్గా ఒళ్ళు వేడెక్కి ఎక్కువ కావాల్సినప్పుడే తక్కువ దొరుకుతుంది.

మామ సూత్రం తప్పేం కాదు. మన కొత్త నీళ్ళు వాన నీళ్ళు. అవి వస్తూ వస్తూ పొలాల మీది పురుగులనూ వానపాములనూ తోసుకొస్తాయి. మన బొచ్చె లాంటి చేపలు గుడ్లు పెట్టడానికి ఆ పోటు కోసమే కాచుకుని ఉంటాయి. వాన నీళ్ళు చేప ఒంటిని మొద్దుబారేంత చల్లబరచవు. కరిగిన మంచు చల్లబరుస్తుంది.

మొన్న మొరవ పోయినప్పుడు అదే థర్మామీటర్‌ను పొర్లే నీటిలో ముంచాను. 25 చూపించింది. మామ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతో కొర్రమీను ఎక్కడుందో తెలుస్తుందా?" అన్నాడు. తెలియదన్నాను. తిరిగి నా చేతిలో పెట్టి, చీర కొంగు గట్టిగా పట్టుకోమని కాలువలోకి దిగాడు.