పోకో ‘లెజెండ్’ ఎల్పీ: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత ఎల్పీలు, అంటే గ్రామఫోన్ రికార్డులు, కొని అమ్మడం నా పని. కొత్తగా టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొన్న మన కుర్రాళ్లు అమెరికన్ కంట్రీ-రాక్ బ్యాండు పోకో ఆల్బమ్ ‘లెజెండ్’ ఫొటో పంపి, "అన్నా, ఏబీసీ లేబులే. రేటు బాగా పలుకుతుంది కదా?" అని అడుగుతూనే ఉంటారు.

అపోహ: ఏబీసీ లేబుల్ ఉంటే అరుదైన రికార్డు.

కాదు బాబూ. ఈ ఆల్బమ్ 1978 నవంబరులో ఏబీసీ అనే రికార్డు కంపెనీ పేరు మీదే వచ్చింది. 1979లో ఆ కంపెనీని ఎంసీఏ అనే మరో రికార్డు కంపెనీ కొనేసింది. "ఏబీసీ ముద్ర కొన్ని నెలలే ఉంది, కాబట్టి దొరకదు" అని ఎవరో లెక్కగట్టారు, జనం నమ్మేశారు. ఇందులోని ‘క్రేజీ లవ్’ పాట హిట్టయింది సరిగ్గా ఆ రోజుల్లోనే! అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 17వ స్థానం, మెత్తటి పాటల జాబితా అడల్ట్ కాంటెంపరరీలో ఒకటో స్థానం. ఆల్బమ్‌కి గోల్డ్ వచ్చింది, అంటే 5 లక్షల కాపీలు. మా కొట్లో ఏబీసీ కాపీలు ఎప్పుడూ ఉంటాయి, పది డాలర్ల లోపే ఇస్తాను.

ధర తేల్చేది కండిషన్. ఒకబ్బాయి ఆన్‌లైన్‌లో అరవై డాలర్లు పోసి కొన్న ‘నియర్ మింట్’ (దాదాపు కొత్తది) కాపీ తెచ్చాడు. కవర్ మల్లెపువ్వులా ఉంది. రికార్డు తీసి లైటు కింద ఏటవాలుగా పట్టాను. లేబుల్ మీద, మధ్య రంధ్రం చుట్టూ సన్నటి గీతలు. రికార్డు పెట్టేటప్పుడు ప్లేయర్ మధ్యలోని పుల్ల (స్పిండిల్) రంధ్రంలో పడక రాసుకుపోయిన గుర్తులవి, ఎన్నిసార్లు వేశారో అవే చెబుతాయి. మొదటి వైపు నిగనిగలాడుతోంది, రెండో వైపు గ్రూవులు (సూది నడిచే గాళ్లు) అరిగి బూడిదరంగుకి తిరిగాయి. ‘హార్ట్ ఆఫ్ ద నైట్’, ‘క్రేజీ లవ్’ పాటలు రెండూ అటే మరి. వేస్తే ప్రతి ‘స’ దగ్గరా చరచరమంది. పాపం, వాడి మొహం చూడలేకపోయాను. కొనేముందు రెండో వైపు ఫొటో అడగండి, చాలు.

అపోహ: ఎంసీఏ కాపీ నకిలీ. కాదు, తర్వాతి ముద్రణ. కంగారుపడకుండా వినండి. కాస్త ఎక్కువ పెట్టాలనుంటే మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ వాళ్ల హాఫ్-స్పీడ్ ముద్రణ (సగం వేగంతో మాస్టర్ చెక్కి చేసినది) కోసం చూడండి.

అపోహ: పోకో వాళ్లు మరో అమెరికన్ రాక్ బ్యాండు ఈగల్స్‌ని కాపీ కొట్టారు. పోకో పుట్టింది 1968లో, ఈగల్స్ 1971లో. రాండీ మైస్నర్, తిమోతీ ష్మిట్ ఇద్దరూ పోకోలో బేస్ గిటార్ వాయించి ఈగల్స్‌లోకి వెళ్లినవాళ్లే. ఇక ఎవరు ఎవరికి బాకీయో మీరే చూసుకోండి.

అపోహ: డబ్బు కోసం కంట్రీ సంగీతాన్ని వదిలేశారు. 1977లో ష్మిట్ వెళ్లిపోయాక మిగిలిన పాతకాపులు రస్టీ యంగ్, పాల్ కాటన్. యంగ్ మొదట్నుంచీ పెడల్ స్టీల్ గిటార్ వెనక కూర్చున్న మనిషి. ‘క్రేజీ లవ్’ ఆయనే రాసి, ఆయనే పాడాడు. పాడే మనిషి మారితే బ్యాండు సౌండు మారదా?

అన్నట్టు, కవర్ మీది గుర్రం గీసింది ఫిల్ హార్ట్‌మన్. అవును, టీవీ కామెడీ షో సాటర్‌డే నైట్ లైవ్‌లో నటించిన హార్ట్‌మనే, అప్పటికి గ్రాఫిక్ డిజైనర్. అలాగని కవర్‌కి రేటు పెరగదు.

సాఫ్ట్ రాక్ అని కొనుక్కెళ్లి, మొదటి పాట ‘బూమరాంగ్’ వినగానే "వేరే రికార్డు ఇచ్చావు" అని వాపసు తెచ్చినవాళ్లూ ఉన్నారు. రెండో వైపు వేసి వినిపించి పంపిస్తుంటాను.