మత్తు కేసుల్లో లెక్కకు రాని పళ్లు

విజయవాడ, గుంటూరుల్లో మత్తు అనగానే మాట కిలోల్లోకి వెళ్లిపోతుంది. ఏ రైల్లో ఎన్ని ప్యాకెట్లు దొరికాయి, ఎంతమందిని రిమాండ్‌కు పంపారు. ఆ సరుకు వాడిన కుర్రాడి నోరు ఎలా ఉందో ఎవరికీ పట్టదు.

ఇది ఈనాటి అలవాటు కాదు. బ్రిటిష్ హయాంలో గంజాయి, నల్లమందు లైసెన్సు దుకాణాల్లో దొరికేవి, సర్కారుకు అదొక రాబడి. గంజాయి వాడకంపై విచారణకు సర్కారు వేసిన 1893–94 నాటి హెంప్ డ్రగ్స్ కమిషన్, గంజాయి తాగితే పిచ్చి పడుతుందా, నేరాలు పెరుగుతాయా అన్న దాని మీదే బాగా తల బద్దలు కొట్టుకుంది. 1985లో మత్తు పదార్థాల నియంత్రణకు ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక వ్యవహారం పోలీసు ఫైలయింది. విశాఖ మన్యం, ఒడిశా సరిహద్దుల నుంచి వచ్చే సరుకు విజయవాడ మీదుగా పోవడంతో మన దగ్గర ఆ ఫైలు మరీ లావు. 2021లో ముంద్రా పోర్టులో దాదాపు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడి, తెప్పించిన సంస్థ చిరునామా విజయవాడదని తేలినప్పుడు ఊరంతా అదే చర్చ. 2024లో రాష్ట్రం మత్తు రవాణాను అరికట్టడానికి ‘ఈగల్’ అనే పోలీసు విభాగాన్ని పెట్టింది.

పళ్ల కథ వేరే దారిలో నడిచింది. కొకైన్‌కు మొద్దుబార్చే గుణం ఉందని 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ చూపించాడు. ఆ ఏడాదే అమెరికాలో సర్జన్ హాల్‌స్టెడ్ బృందం దవడ నరానికి కొకైన్ ఇంజెక్షన్ ఇచ్చింది. పన్ను నొప్పి తెలియకుండా చేయడంలో అది పెద్ద మలుపే, కానీ తన మీదే ప్రయోగాలు చేసుకున్న హాల్‌స్టెడ్ దానికి బానిసయ్యాడు.

గంజాయి సంగతి చాలా ఆలస్యంగా తేలింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టినవాళ్లను 32 ఏళ్ల వయసులో పరీక్షించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. పొగాకు ప్రభావాన్ని తీసేసి చూసినా గంజాయి బాగా తాగేవాళ్లలో చిగుళ్ల జబ్బు ఎక్కువే. మన దగ్గర ఆ రెండింటినీ విడదీయడం అంత సులువు కాదు. సిగరెట్‌లో పొగాకు సగం తీసి గంజాయి నింపుతారు, మధ్యలో ఖైనీ. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్నది గుంటూరులోనే మరి.

మత్తు వాడితే జరిగేది ఏమిటంటే, ముందు నోరెండిపోతుంది. పళ్ల మీద ఆమ్లాన్ని కడిగే లాలాజలం తగ్గిపోతుంది. దాహానికి కూల్‌డ్రింకు, ఆకలికి స్వీట్లు, తెల్లవారుజామున బ్రష్ చేయకుండానే నిద్ర. కొన్నాళ్లకు చిగురు అంచున గోధుమ రంగు చార కనిపిస్తుంది. అది పుచ్చు. ముదిరితే పన్ను చిగురు దగ్గరే విరుగుతుంది. మెత్ (మెథాంఫెటమిన్) లాంటి ఉత్తేజపరిచే మత్తులు వాడేవాళ్లు పళ్లు కొరుకుతూ ఉంటారు, దాంతో పళ్లు అరిగిపోతాయి కూడా. హెరాయిన్, నొప్పి మాత్ర ట్రమడాల్ లాంటి రకాలది ఇంకో తిప్పలు. అవి నొప్పి తెలియనివ్వవు. మానేసిన వారంలో నొప్పులన్నీ ఒక్కసారిగా లేస్తాయి, మళ్లీ అదే మాత్ర వైపు చెయ్యి పోతుంది. డీ-అడిక్షన్‌లో పళ్ల డాక్టర్ మొదటి వారంలోనే ఉండాలని నేననేది ఇందుకే.

మాన్పించే మందుతోనూ జాగ్రత్త కావాలి. హెరాయిన్ లాంటివి మాన్పించడానికి ఇచ్చే, నాలుక కింద కరిగించుకునే బుప్రెనార్ఫిన్‌తో పళ్లు పాడవుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో హెచ్చరించింది. మాత్ర కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, గంట ఆగి బ్రష్ చేయాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇక కేసు భయం. తక్కువ మొత్తంతో దొరికినవాళ్లు, వాడిన కేసులో ఉన్నవాళ్లు తమంతట తాము గుర్తింపు పొందిన చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. అయినా పళ్ల డాక్టర్ అడిగితే, పక్కన అమ్మ కూర్చుని ఉండగా ఏ కుర్రాడు నిజం చెబుతాడు? “ఏం లేదండీ, అప్పుడప్పుడూ సిగరెట్” అంటాడు. మొద్దుబార్చే ఇంజెక్షన్‌లో తరచుగా అడ్రినలిన్ ఉంటుంది. కొకైనో మెత్తో వాడి కొన్ని గంటలే అయినవాడికి అది గుండె మీదికి రావచ్చు. కాబట్టి అమ్మను కాసేపు బయట కూర్చోమని, అప్పుడు మళ్లీ అడగాలి.